కలో గంజో ప్రమాణ పత్రం

“వారం రోజులైపోయింది, ఇంట్లో ఏ గొడవా లేదు. నాకెందుకో భయంగా ఉందండి,” అంది సత్యవేణి, కొబ్బరికోరు తీస్తూ.

ఆవిడ మొగుడు వీర్రాజు పేపరులోంచి తలెత్తలేదు. అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టు గుమస్తా ఆయన. ముప్ఫై ఏళ్ళుగా కాయని చెవి దగ్గర ఆడించి లోపల నీళ్ళెన్నో చెప్పే మనిషి గనక, పెళ్ళాం మాటల్లో చప్పుడెంతో సరుకెంతో ఆయనకి బాగా తెలుసు.

“గొడవ లేకపోడం కూడా గొడవేనా?” అన్నాడు.

“అలా తీసిపారేయకండి. పోయినేడు ఇలాగే వారం రోజులు హాయిగా ఉన్నాం. ఎనిమిదో రోజున బోరు మోటారు కాలిపోయింది.”

“అది మనం కొన్నప్పుడే సగం కాలిపోయుందిలే.”

సత్యవేణి ఊరుకుంది గానీ ఆవిడ మనసు ఊరుకోలేదు. ఆవిడ ఏడో తరగతి వరకు చదువుకుంది. ఎనిమిదిలో చేరాలంటే కాలవ దాటి పక్క ఊరు వెళ్ళాలి. ఎవరూ వద్దనకుండానే, కాలవలో పడిపోతానేమోనని తనే మానేసింది. అప్పట్నుంచి ఇప్పటి వరకు ఆ కాలవలో ఎవరూ పడలేదు. తను మానేసింది కాబట్టే ఎవరూ పడలేదని ఆవిడ నమ్మకం.

అలాంటి తల్లికి పుట్టిన ఒక్కగానొక్క కూతురు లోవకుమారికి భయమంటే ఏమిటో తెలియదు. లోవ రాష్ట్ర కాటాల తనిఖీ సంస్థలో ఇన్‌స్పెక్టరు. ధాన్యం మిల్లుల దగ్గరా చక్కెర ఫ్యాక్టరీల దగ్గరా లారీలని తూచే పెద్ద పెద్ద కాటాలుంటాయి. అవి రైతు సరుకుని సరిగ్గా తూస్తున్నాయా, మిల్లు వైపు కాస్త మొగ్గుతున్నాయా అన్నది చూడటం ఆ పిల్ల పని. వ్యాను నిండా ఇనప తూకపురాళ్ళు వేసుకుని నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతుంది. తిరిగినన్ని రోజులూ సంస్థ భోజన బత్తా ఇస్తుంది. తిండి దగ్గర లోవకి మొహమాటం లేదు. ఏ ఊళ్ళో పెసరట్టు పల్చగా పోస్తారో, ఏ సందులో మెస్సువాళ్ళు చేపల పులుసు రెండో రోజున వడ్డిస్తారో సంస్థలో ఎవరైనా ఆ పిల్లనే అడుగుతారు.

రోజూ ఒంటిగంటకి సత్యవేణి ఫోను చేసేది.

“తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“ఏం తిన్నావ్?”

ఆ రెండో ప్రశ్న పిల్ల ఆకలి తీరిందో లేదో తెలుసుకోడానికి కాదు. సాయంత్రం దాకా ఏ జబ్బు గురించి బెంగపడాలో తేల్చుకోడానికి. రొయ్యల వేపుడంటే ఒళ్ళంతా దద్దుర్లు, పూరీ అంటే గుండెలో మంట, పెరుగన్నమంటే జలుబు. ఏమీ తినలేదంటే అన్నీను.

ఇలా ఉండగా సత్యవేణి అనుకున్నంతా అయింది. సరిగ్గా ఎనిమిదో రోజున సర్క్యులరు వచ్చింది.

ఆదివారం ఇంటికొచ్చిన లోవ దాన్ని వంటింటి గుమ్మంలో కూర్చుని చదివి వినిపించింది. ప్రయాణ భోజన పన్నుల విభాగం వారు అందులో ఇలా సెలవిచ్చారు:

‘విధి నిర్వహణలో ప్రయాణించు ఉద్యోగికి ఒసగబడు భోజన బత్తా, సదరు ఉద్యోగి తన గృహమునందే ఉండినచో భుజించి ఉండెడి భోజనమునకు సమానమైనంత మేరకు అవసరముగాను, అంతకు మించినంత మేరకు సుఖముగాను పరిగణింపబడును. సుఖము ఆదాయమే. ఆదాయమునకు పన్ను కలదు.’

వీర్రాజు పేపరు మడిచాడు. “అంటే ఇంట్లో కన్నా బయట బాగా తింటే సుఖం. బయట అధ్వానంగా తింటేనో?”

“అది కష్టం. కష్టానికి పన్ను లేదు నాన్నా. ప్రస్తుతానికి.”

“ఇంట్లో మనమేం తింటన్నామో ఆళ్ళకెలా తెలుస్తదే?” అంది సత్యవేణి.

“ఇంటికొచ్చి చూస్తారంట.”

సత్యవేణి చేతిలో గరిటె ఆగిపోయింది.

“కంగారు పడకమ్మా,” అంది లోవ. “మనింట్లో ఎంత బాగా తింటామో ఉన్నదున్నట్టు చెప్పు. మనిల్లు ఎంత గొప్పగా తింటే నాకంత మంచిది. నీ వంట సంగతి చెప్తే చాలు, దానికి మించిన సుఖం బయటెక్కడా లేదని ఆళ్ళే రాసేసుకుంటారు.”

“చెప్తాలేవే. అంతమాత్రం చెప్పలేనా,” అంది సత్యవేణి.

బుధవారం నాడు గృహ భోజన నిర్ధారణాధికారి భాస్కరం గారు సరిగ్గా పన్నెండున్నరకి దిగారు. నిర్ధారణ భోజనం వేళకే జరగాలని నిబంధన. లోవ టూరులో ఉంది, వీర్రాజు కొట్టులో ఉన్నాడు. సత్యవేణి తెల్లవారక ముందే లేచింది. వచ్చేవాడు సర్కారు మనిషి, బాగా పెడితే ఇంత తింటున్నారా అని రేషను కార్డు పీకేస్తాడేమో. సరిగ్గా పెట్టకపోతే ఆకలి మీద ఏం రాస్తాడో. ఈ రెండు భయాల మధ్యా నలిగి, చివరికి భోజనం వేళకి ఇంటికొచ్చిన మనిషికి తక్కువ చేయడం తన చేతుల్లో లేదని తేల్చుకుని, పనసపొట్టు ఆవపెట్టిన కూరా, మామిడికాయ పప్పూ, కొత్తిమీర కారం పెట్టిన వంకాయా, కొబ్బరి పచ్చడీ, గుమ్మడి వడియాలూ, మజ్జిగ పులుసూ చేసి పెట్టింది.

“భోజనానికి లేవండి బాబూ,” అంది.

“భోజనం చేయుటకు నాకు అధికారం లేదమ్మా. పరిశీలన మాత్రమే చేస్తాను. వడ్డించండి,” అని భాస్కరం గారు ఆకు ముందు కూర్చున్నారు.

పప్పుని పరిశీలించారు. వంకాయని పరిశీలించారు. పనసపొట్టు దగ్గరకొచ్చేసరికి ఆయన కళ్ళు వాటంతటవే మూతబడ్డాయి.

“ఈ అంశంపై మరికొంత సమాచారం అవసరం,” అన్నారు.

సత్యవేణి వడ్డించింది.

“పునఃపరిశీలన,” అన్నారు కాసేపటికి.

మళ్ళీ వడ్డించింది. అన్నం గిన్నె సగానికి దిగింది. ఆ తర్వాత పెరుగు వచ్చింది.

“ఇది గిన్నె బోర్లిస్తే పడుతుందా?”

“పడదండి.”

బోర్లించి చూశారు. పడలేదు. సాక్ష్యం చెడిపోకుండా ఉండేందుకు అంతా తినేశారు. చేయి కడుక్కుని, పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఫైలు పొట్ట మీద ఆనించి కలం తీశారు.

“పన్నెండో గడి. మీ ఇంటి నిత్య భోజనం ఎట్టిది? మీ సొంత మాటల్లో చెప్పండి.”

లోవ చెప్పిందంతా సత్యవేణికి గుర్తుంది. మాటలన్నీ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి కూడాను. అయితే భోజనం చేసి లేచిన మనిషి భోజనం సంగతెత్తితే ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో, ఆ చుట్టుపక్కల లంకలన్నిటా ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే. సత్యవేణి అమ్మమ్మ చెప్పింది, అమ్మ చెప్పింది. వియ్యాలవారికి చెప్పారు, కరణానికి చెప్పారు, పదహారు రకాలతో పెళ్ళి భోజనం పెట్టి మరీ చెప్పారు. పెట్టింది బాగుందని పెట్టినవాళ్ళే చెప్పుకుంటే తిన్నవాడిని దెప్పినట్టు. పైగా దిష్టి.

“మేం తినేదేవుందండి, ఏదో కలో గంజో,” అంది సత్యవేణి నోరు, సత్యవేణి ప్రమేయం లేకుండా. “పచ్చడి మెతుకులు పెట్టాం. మీరే సర్దుకుపోవాలి.”

భాస్కరం గారు నెమ్మదిగా తేన్చి, రాసుకున్నారు.

“మరి నేడు నా ఎదుట ప్రవేశపెట్టబడిన పదార్థములు?”

“మీరొస్తన్నారని ఏదో చేశానండి. నాకేం వచ్చండి వంట.”

అదీ రాసుకున్నారు. “చదివి సంతకం చేయండి,” అన్నారు.

సర్కారు కాగితం చదివితే అందులో ఏం కనబడుతుందోనని సత్యవేణి కళ్ళు మూసుకుని సంతకం చేసింది.

మూడు వారాల తర్వాత ఒంటిగంటకి లోవే ఫోను చేసింది.

“అమ్మా, మనింట్లో గంజి తాగుతామని చెప్పావా?”

“నేనెందుకు చెప్తానే. చచ్చినా చెప్పను.”

“కలో గంజో అన్నావా?”

సత్యవేణి ఫోను రెండో చెవికి మార్చుకుంది. “అది మాటవరసకే తల్లీ. ఎవరైనా అంటారు.”

“మాటవరస అనే గడి ఆ ఫారంలో లేదమ్మా.”

ప్రమాణ పత్రంలో ఇలా ఉంది: ‘అడ్డాల లోవకుమారి గారి గృహ భోజన ప్రమాణం: గంజి, ఒక గిన్నె. పచ్చడి, వ్రేలికి అంటినంత. మెతుకులు, కనిపించినన్ని. కలి విషయమై గృహిణి వద్ద స్పష్టత లేదు. గృహిణికి వంట రాదు.’

ఆ రోజు నుంచి లోవ బయట ఏం తిన్నా సుఖమే అయింది. ఇడ్లీ, గంజికి మించిన ఘనపదార్థం గనక సుఖం. చట్నీ అదనపు సుఖం. కాఫీ నిష్కారణ సుఖం. ప్రతి భోజనం తర్వాతా సుఖ ప్రకటన పత్రం నింపాలి. తినేటప్పుడు చిరునవ్వు వచ్చిందా, వస్తే ఎన్నోసారికి వచ్చింది, మారు అడిగారా, వేళ్ళు నాకారా, నాకితే ఎన్ని, అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. అబద్ధం రాస్తే వేళ్ళు చూపించవలసి ఉంటుంది.

లోవ ఒక్కతే అయితే తలరాత అనుకుందురు. ఆ ప్రాంతంలో రకరకాల సంస్థల్లో టూర్లు తిరిగే ఉద్యోగులు నాలుగు వందల పన్నెండు మంది. నాలుగు వందల పదకొండు ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పూటకి ఆరేడిళ్ళ చొప్పున తిరిగిన భాస్కరం గారికి ఆకు నిండా వడ్డించి, ఆయన పరిశీలించాక, ఏదో కలో గంజో అనే చెప్పారు. మిగిలిన ఒక్క ఇంట్లో ఆ రోజున మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. “ఈయనకేం లోటండి, నేతిలో ముంచి తేల్చినా ఇంకా కావాలంటాడు,” అని ఆవిడ కోపంగా చెప్పింది. ఆ ఒక్కడికే పన్ను పడలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి ఆ గొడవ ఎలా పెట్టుకోవాలో నేర్పమని ఆవిడని అడిగి వెళ్ళారు.

హైవే పక్క హోటళ్ళవాళ్ళు తెలివైనవాళ్ళు. నెల తిరక్కుండా బోర్డులు మార్చారు. ‘ఇచ్చట సుఖము లేని భోజనము దొరుకును. రుజువు పత్రము ఇవ్వబడును.’ రావులపాలెం దగ్గర ఒకాయన రెండు చోట్ల తీసేసిన వంటవాణ్ణి ఏరికోరి తెచ్చుకున్నాడు. వాడు కాచిన చారుకి ఉద్యోగులు వరసలో నిలబడ్డారు. పొరపాటున ఒకరోజు వాడి చేతిలో పప్పు బాగా కుదిరింది. యజమాని అందరికీ క్షమాపణ చెప్పి, కాసిని నీళ్ళు పోయించాడు.

ఇక విభాగం వారు ఊరుకుంటారా. ప్రమాణ పత్రాలన్నీ కలిపి లెక్క తీసి, పచ్చటి కొబ్బరితోటల మధ్య ప్రజలు గంజి మీద బతుకుతున్నారని కనిపెట్టారు. విషయం పైదాకా వెళ్ళింది. పైనుంచి ఆకలి అధ్యయన సంఘం వచ్చింది. సంఘంవారు ఆరుగురూ పదిహేను రోజులు ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ ఆకు వేసి కూర్చోబెట్టారు, ప్రతి ఇంట్లోనూ చివర్న ఏదో కలో గంజో అన్నారు. మనిషికి మూడు కిలోల చొప్పున పెరిగి తిరిగి వెళ్ళి, పరిస్థితి అనుకున్న దానికన్నా విషమంగా ఉందని సంఘంవారు నివేదిక ఇచ్చారు. దాని మీద అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పక్కన ఉచిత గంజి కేంద్రం తెరిచారు. ఒక్కరూ రాలేదు. కేంద్రం వరకు నడిచే ఓపిక కూడా ప్రజలకు లేదని రెండో నివేదిక వెళ్ళింది.

“నా ఒక్క మాటకి ఇంతుందా,” అంది సత్యవేణి.

“నీ ఒక్కదానిదీ కాదులే. ఇంకో నాలుగొందల పది మందున్నారు నీకు తోడు,” అన్నాడు వీర్రాజు. “మొన్న కేంద్రం వాళ్ళు కొట్టు దగ్గరకి గంజి బకెట్టు తెచ్చి నాకూ పోయబోయారు. ఈడు మరీ నీరసించాడని జాలిపడ్డారు.”

నవ్వుతాలుగా నడిచినంత కాలం నడిచింది. ఆషాఢంలో ఇంకో సర్క్యులరు వచ్చింది. నూటికి తొంభై పాళ్ళకు మించి సుఖం నమోదైన ఉద్యోగులకు ప్రయాణం విధి కాదనీ విహారమనీ, అట్టివారు ప్రయాణ సుఖభోగులనీ, వారిని తక్షణమే టూర్ల నుంచి తప్పించి కుర్చీకి పరిమితం చేయాలనీ దాని సారాంశం. లోవ సుఖం తొంభై ఏడుంది.

వ్యాను తాళాలు తీసేసుకున్నారు. తూకపురాళ్ళు గోదాములో పెట్టించారు. లోవని అమలాపురంలో రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. నాలుగు నెలల్లో ప్రమాణ పత్రం మారకపోతే ఇన్‌స్పెక్టరు పోస్టే రద్దవుతుందన్నారు.

నిజం చెప్పాలంటే సత్యవేణి ముందు మూడు రోజులు సంతోషపడింది. పిల్ల ప్రొద్దున్న తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఆరుకి ఇంటికొస్తోంది. బ్రేకులు తెగే వ్యాను లేదు, పడని రొయ్య లేదు. ఇన్నేళ్ళుగా తను మొక్కుకున్నది ఇదే కదా. నాలుగో రోజున చూసుకుంటే పిల్ల మాట్లాడటం లేదు. కంచంలో ఏది వేస్తే అది తింటోంది. ఐదో రోజున సత్యవేణి పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. లోవ గమనించకుండా తిని లేచిపోయింది. అంతకన్నా పెద్ద జబ్బు ఏదీ సత్యవేణి జాబితాలో లేదు.

“ఏమైందే తల్లీ?”

“ఏం లేదమ్మా. మండపేటలో ఒక మిల్లోడు కాటా కింద రాయి దూర్చాడంట. బస్తాకి రెండు కిలోలు లాగేస్తన్నాడు. ఆ రైతు నాకు ఫోను చేశాడు. నువ్వెళ్ళి చూడమ్మా అంటాడు. నేను కదలకూడదని చెప్పాను.” లోవ కంచం కడిగి బోర్లించింది. “నేను తిండి కోసం ఊళ్ళు తిరిగానని రాశారమ్మా, ఫైల్లో. నా చేతే ఆ ఫైలుకి నంబరు వేయించారు.”

సత్యవేణి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ప్రొద్దున్నే, “అప్పీలు చేద్దాం,” అంది.

“అప్పీలంటే నేను మాట్లాడితే చెల్లదమ్మా. ఎవరి నోటితో గంజన్నారో ఆళ్ళే వచ్చి కాదనాలి. మా ఇంట్లో వంట బాగుంటదని అందరి ముందూ చెప్పాలి.”

“చెప్తాలేవే.”

“ఏదీ, ఇప్పుడు చెప్పు.”

సత్యవేణి చెంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. “మనింట్లో వంట... ఏదో... ఉన్నంతలో...”

వారం రోజుల తర్వాత మొదటిసారి లోవ నవ్వింది. ఆ నవ్వు చూసి సత్యవేణికి ఇంకా భయం వేసింది.

ఆ రోజు నుంచి సాధన. సాయంత్రం వీర్రాజు కొట్టు నుంచి రాగానే కుర్చీ వేసుకుని అధికారి అయ్యేవాడు.

“ఏమ్మా, నీ వంట ఎలా ఉంటుంది?”

“తినేవాళ్ళు చెప్పాలండి.”

“తిన్నవాళ్ళు బాగుందన్నారు. నువ్వేమంటావ్?”

“ఆళ్ళ మంచితనమండి.”

“ఇదిగో సత్యవేణీ, ఇలాగైతే పిల్లకి గంజే గతి,” అనేవాడు కుర్చీ దిగి. “ఒక్క అబద్ధం ఆడమనట్లేదు కదా నిన్ను.”

“అబద్ధమైతే ఎప్పుడో ఆడేద్దునండి. నిజం కాబట్టే నోరు రావట్లేదు. ముక్కామలలో మా పెదనాన్న కోడలు తన ఆవకాయ తనే మెచ్చుకుంది. జాడీ జాడీ అంతా బూజు పట్టింది.”

“మూత పెట్టలేదేమో.”

“పెట్టిందండి. పైన గుడ్డతో వాసెన కూడా కట్టింది.”

అప్పీళ్ళ విచారణ రాజమండ్రిలో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. నాలుగు వందల పదకొండు ఇళ్ళవాళ్ళు పట్టే చోటు విభాగం వారికి వేరే దొరకలేదు. వధూవరులు కూర్చునే ఎర్ర పట్టు కుర్చీల్లో ఒకదానిలో అప్పీళ్ళ అధికారిణి త్రిపురసుందరి గారు, రెండో దానిలో ఫైళ్ళు కూర్చున్నాయి. కింద హాలంతా ఆడవాళ్ళు. అక్షర క్రమం ప్రకారం పిలుస్తారని తెలిసి, తమ ఇంటిపేరు అడ్డాల గనక తననే ముందు పిలుస్తారని సత్యవేణి బస్సెక్కిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది. ముందు ఆవిడనే పిలిచారు.

“ఇది తొలి కేసు. ఇందులో తేలినదే మిగిలిన నాలుగు వందల పది కేసులకూ ప్రమాణమగును,” అన్నారు త్రిపురసుందరి గారు. హాలంతా సత్యవేణి వైపు తిరిగింది. ఆవిడ కాళ్ళు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ముందు భాస్కరం గారిని విచారించారు. ఆయన అప్పటికి బాగా ఒళ్ళు చేసి ఉన్నారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి అందడం లేదు.

“సదరు గృహంలో మీరు చూసినది ఏమి?”

“గంజి, మేడం.”

“కన్నులారా చూశారా?”

“గృహిణి నోట విన్నాను. కన్నులకు వేరే పదార్థములు అడ్డు వచ్చినవి.”

“అవి ఎట్లుండినవి?”

భాస్కరం గారు అటూ ఇటూ చూశారు. బాగున్నాయంటే పరిశీలన పేరిట తను సుఖపడినట్టవుతుంది. ఆ సుఖానికి పన్ను తన మీద పడుతుంది. అదీ నాలుగు వందల పన్నెండు ఇళ్ళ సుఖం.

“రుచి నా పరిధిలో లేదు మేడం. పరిమాణం మాత్రమే చూచితిని.”

“పనసపొట్టు అను అంశం మీ డైరీలో మూడు మార్లు పరిశీలించబడినట్లున్నదే.”

“సందేహ నివృత్తి కొరకు.”

“నివృత్తి అయినదా?”

“కాలేదు మేడం. నేటికీ అప్పుడప్పుడు గుర్తుకు వచ్చుచున్నది.”

వెనక వరసల్లో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. త్రిపురసుందరి గారు బల్ల మీద కలంతో కొట్టి, సత్యవేణిని దగ్గరకి రమ్మన్నారు.

“చూడమ్మా. అధికారి మాట ఎటూ తేలలేదు. అట్టి సందర్భంలో గృహిణి మాటే చెల్లును. మీరు ఇచ్చిన వాంగ్మూలం ఒక్కసారి, ఒక్కసారే, సవరించుకోవచ్చు. మీ వంట ఎట్లుండును?”

“ఏదోనండి...”

“ఏదో అనునది పట్టికలో లేదు.”

“పరవాలేదండి.”

“అది అభిప్రాయం కాదు, వాయిదా.”

“తినేవాళ్ళు చెప్పాలండి.”

“తిన్నవారిని ఇప్పుడే విన్నాం. ఆయన సుఖం ఆయన దాచుకున్నారు.” త్రిపురసుందరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “చివరిసారి అడుగుతున్నాను. మీ ఇంట్లో వంట బాగుండునా, బాగుండదా? మీరు జవాబు చెప్పనిచో పాత వాంగ్మూలమే ఖాయం చేసి ఫైలు మూసివేస్తాను.”

సత్యవేణి నోరు తెరిచింది. పక్కన వాంగ్మూలం రాసేవాడి కలం కాగితానికి అంగుళం ఎత్తున ఆగింది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నాలుగు వందల పది మంది కుర్చీల అంచులకి జరిగారు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఆ జవాబు తెలుసు, ప్రతి ఒక్కరికీ అది గొంతులోనే ఉంది, ఒక్కరు కూడా దాన్ని పైకి అని ఎరగరు. చెప్తే రేపట్నుంచి పులుసు విరుగుతుంది. పెరుగు తోడుకోదు. చేతి రుచి పోతుంది. ఇంతమంది కళ్ళల్లో పడ్డాక ఎన్ని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినా దిష్టి పోదు. పోనీ తల తిరుగుతోందని కింద పడిపోతే? అప్పుడు గంజి తాగి నీరసించిందని రాస్తారు.

త్రిపురసుందరి గారు గోడ గడియారం వైపు చూసి, ఫైలు అట్ట మీద చెయ్యి వేశారు.

సత్యవేణి మొదటి వరసలోకి చూసింది. లోవ తల దించుకుని కూర్చుంది. కట్టుకున్నది పట్టుచీరే. ఆ చీర కుచ్చెళ్ళ కింద, కాటాల దగ్గర తూకపురాళ్ళు కాళ్ళ మీద పడకుండా వేసుకునే మోటు బూట్లు. ఇక్కడ కాయితం చేతికి రాగానే అటునుంచి అటే మండపేట వెళ్దామనే వేసుకొచ్చిందని తల్లికి అప్పుడు తెలిసింది. ఒక బూటు లేసు ఊడిపోయి ఉంది. తొక్కుకుని పడుతుందేమోనని సత్యవేణి గుండె ఒక్కసారి గుభేలుమంది.

గడియారంలో పెద్ద ముల్లు ఇంకో గీత దాటింది. ఫైలు అట్ట సగం మూసుకుంది.

“బాగుంటదండి,” అంది సత్యవేణి.

ఆ గొంతు తనదేనా అని తనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. ఇంత దూరం వచ్చాక ఇక ఆగేదేముందని, రాసేవాడి కలం వైపు వేలు చూపించింది.

“చాలా బాగుంటది. రాసుకోండి.”